ఒకే కేబుల్‌లో ఫోనూ కంప్యూటరూ: కుదిరే చోటు, కుదరని చోటు

గోడలోంచి వచ్చేది ఒక్కటే కేబుల్. ఆ గదిలో కావాల్సినవి రెండు: ల్యాండ్‌లైన్ ఫోను, కంప్యూటర్‌కి ఇంటర్నెట్. ఇంకో కేబుల్ లాగుదామంటే పైపులో చోటు లేదు, గోడ పగలగొట్టే ఓపిక ఎవరికీ లేదు. ఇలాంటప్పుడు కేబుల్ కొస విప్పి చూసినవాళ్లకి వచ్చే ఆలోచన ఒకటే. లోపల ఎనిమిది తీగలున్నాయి కదా, ఫోనుకి రెండు చాలు, మిగతావి కంప్యూటర్‌కి ఇచ్చేస్తే సరిపోదా?

సరిపోతుంది, కానీ నెట్‌వర్క్ వేగం 100 ఎంబీపీఎస్ (సెకనుకి వంద మెగాబిట్లు) ఉంటే చాలనుకుంటేనే. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, కావాలంటే ఆ ఎనిమిదిలో ఒక్క తీగ కూడా ఫోనుకి మిగలదు. ఈ విషయంలో సలహా అడిగితే సగంమంది 'హాయిగా పనిచేస్తుంది' అనీ, సగంమంది 'ఛస్తే చేయొద్దు' అనీ చెప్పడానికి కారణం ఇదే. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి మనసులో ఉన్న ఈథర్నెట్ (కంప్యూటర్లని తీగతో కలిపే పద్ధతి) ఒకటి కాదు, అంతే.

మామూలుగా ఇళ్లలో వేసే క్యాట్5ఇ లేదా క్యాట్6 కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ప్రతి రంగు తీగకీ తోడుగా అదే రంగు చార ఉన్న తెల్ల తీగ ఒకటి, రెండూ కలిపి మెలివేసి ఉంటాయి. జతజతకీ మెలిక బిగువు కొద్దిగా తేడాగా ఉంటుంది. పక్కపక్కన పరిగెత్తే జతలు ఒకదాని సిగ్నల్‌ని ఇంకొకటి పట్టుకోకుండా ఉండటానికే అలా చేస్తారు. ఎనిమిది పిన్నుల ఆర్‌జే45 కనెక్టర్‌లో 10, 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ వాడుకునేది రెండు జతలే. 1, 2 పిన్నుల మీద ఒక జత, 3, 6 మీద ఇంకో జత. మధ్యలో ఉన్న 4, 5 నీలం జతవి, చివరి 7, 8 గోధుమ జతవి. టీ568ఏ, టీ568బీ అని రెండు రకాల వరసలున్నాయి కదా, వాటిలో తేడా అంతా నారింజ, ఆకుపచ్చ జతలు చోటు మార్చుకోవడమే. నీలం, గోధుమ ఎందులోనూ కదలవు.

3 తర్వాత 4, 5 వదిలేసి 6కి ఎందుకు దూకారు? ఇది చాలామందికి వింతగా కనిపిస్తుంది కానీ దీని వెనక లెక్క ఉంది. ఫోను ప్లగ్‌లో లైను వచ్చేది సరిగ్గా మధ్య రెండు పిన్నుల మీద. ఆ చిన్న ప్లగ్‌ని ఎనిమిది పిన్నుల సాకెట్‌లో పెడితే ఆ మధ్య పిన్నులు 4, 5 దగ్గరికే వస్తాయి. 1980లలో ఏటీ అండ్ టీ తెచ్చిన స్టార్‌ల్యాన్ అనే 1 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ ఆఫీసుల్లో అప్పటికే ఉన్న టెలిఫోన్ తీగల మీద నడవాలనే తయారైంది. తర్వాత 1990లో 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్ మెలితీగల మీదకి వచ్చినప్పుడు కూడా మధ్య జతని ముట్టుకోలేదు. అంటే ఫోనూ కంప్యూటరూ ఒకే కేబుల్‌లో ఉండటం ఎవరో ఇంట్లో కనిపెట్టిన జుగాడ్ కాదు, మొదట్లో ఆ అవకాశం కావాలనే ఉంచారు.

1995లో వచ్చిన 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ కూడా క్యాట్5 తీగ మీద అవే రెండు జతలతో సర్దుకుంది. మలుపు వచ్చింది 1999లో, గిగాబిట్‌తో. అదే క్యాట్5 తరగతి కేబుల్ మీద పది రెట్ల వేగం రావాలంటే నాలుగు జతలూ పని చేయక తప్పలేదు. ఒక్కో జత మీద 250 ఎంబీపీఎస్, అదీ ఒకేసారి రెండు దిక్కులా. ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుకుంటూ, ఎవరికి వాళ్లు తమ గొంతుని లెక్కలోంచి తీసేసి అవతలివాళ్ల మాట వినడం లాంటి పని అది, సెకనుకి 12.5 కోట్ల సార్లు. 2.5, 5, 10 గిగాబిట్ రకాలు కూడా నాలుగు జతలనే వాడతాయి. కాబట్టి 'ఖాళీగా పడున్న జత' అనేది 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయిన మాట.

అయితే 100 అంటే తక్కువా? అది ఆ కేబుల్ చివర ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడే చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. 4కే వీడియో ఒకటి చూడటానికి 25 ఎంబీపీఎస్ చుట్టుపక్కల సరిపోతుంది. చాలా స్మార్ట్ టీవీల్లో ఉన్న ఈథర్నెట్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది, దానికి గిగాబిట్ తీగ ఇచ్చినా అది అంతకంటే వేగంగా పరిగెత్తదు. ప్రింటర్, కెమెరా, పాటల పెట్టె, పిల్లలు హోంవర్కు చేసుకునే కంప్యూటర్, వీటికి వెళ్లే కేబుల్‌లోంచి ఒక జత ఫోనుకి ఇచ్చేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. అదే వైఫై యాక్సెస్ పాయింట్‌కి వెళ్లే కేబుల్ అయితే మాత్రం ససేమిరా వద్దు. ఇంట్లో ఉన్న ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అన్నీ ఆ ఒక్క తీగ మీదే బతుకుతాయి, దాన్ని 100కి కుదిస్తే ఇంటర్నెట్ ప్లాన్ 300ది తీసుకున్నా 500ది తీసుకున్నా ఇంట్లో కనిపించేది 95 లోపే. ఫైళ్లు దాచే నాస్ పెట్టె, వీడియో ఎడిటింగ్ చేసే కంప్యూటర్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. అసలు ప్రశ్న 'పంచుకోవచ్చా' అని కాదు, 'ఏ కేబుల్‌ని పంచుకోవచ్చు' అని. ఇంట్లో ఆరు కేబుళ్లుంటే వాటిలో ఏ రెండింటికి 100 చాలో చూసుకుంటే పని అయిపోతుంది.

పంచుకోవాలని తేల్చుకున్నాక పని ఇలా సాగుతుంది. కేబుల్ రెండు చివరలా ఒకే మార్పు చేయాలి, ఒకవైపే చేస్తే ఏదీ పనిచేయదు. గోడ సాకెట్ పలక విప్పి, కేబుల్ పై తొడుగు రెండు మూడు అంగుళాలు తీస్తే నాలుగు జతలూ బయటపడతాయి. నారింజ, ఆకుపచ్చ జతలను ఆర్‌జే45 సాకెట్ వెనక ఉన్న రంగు గుర్తుల ప్రకారం, రెండో చివర ఏ వరస ఉందో అదే వరసలో, పంచ్‌డౌన్ టూల్‌తో (తీగని సాకెట్ గాడిలోకి నొక్కే పనిముట్టు) దిగ్గొట్టాలి. మెలికని విప్పేది ఎంత తక్కువైతే అంత మంచిది, క్యాట్5ఇకి 13 మిల్లీమీటర్లు దాటకూడదు. నీలం జతని పక్కన పెట్టిన ఫోను సాకెట్ మధ్య రెండు పిన్నులకి కలపాలి. గోధుమ జత మిగిలిపోతుంది. దాన్ని కత్తిరించేయకుండా తొడుగు మీదకి మడిచి చుట్టేయడం తెలివైన పని, ఎందుకంటే రేపు ఇదే కేబుల్‌ని తిరిగి గిగాబిట్‌కి మార్చాలనుకుంటే ఆ రెండు అంగుళాల తీగే పనికొస్తుంది. రెండో చివర, రౌటర్ ఉన్న దగ్గర, ఇదంతా మళ్లీ ఇలాగే: రెండు జతలు స్విచ్‌కి (ఒక నెట్‌వర్క్ లైనుని చాలా పోర్టులకి పంచే పెట్టె) వెళ్లే సాకెట్‌కి, నీలం జత ఫోను లైనుకి.

తీగ మీద చెయ్యి వేసే ముందు ఫోను లైనుని బయట నుంచి వచ్చే దగ్గర ఊడదీయాలి. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు ఆ జత మీద 48 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది, అది పెద్దగా తెలియదు. కానీ సరిగ్గా ఆ నిమిషంలోనే ఎవరైనా ఫోన్ చేస్తే, రింగు కోసం 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. ప్రాణం తీసే షాక్ కాదు కానీ స్టూలు మీద నిలబడి ఉన్న మనిషిని కింద పడేయడానికి చాలు.

గోడ సాకెట్ విప్పడం ఇష్టం లేనివాళ్లకి బజారులో స్ప్లిటర్లు దొరుకుతాయి. చిన్న ప్లాస్టిక్ ముక్క, ఒకవైపు ఒక నోరు, రెండోవైపు రెండు. లోపల ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు, తీగలను విడదీసి రెండు సాకెట్లకి పంచడం ఒక్కటే దాని పని. కొన్ని ఒక ఫోనూ ఒక కంప్యూటరూ కోసం, కొన్ని రెండు కంప్యూటర్ల కోసం. రెండో రకంలో నారింజ, ఆకుపచ్చ ఒక కంప్యూటర్‌కి, నీలం, గోధుమ ఇంకో కంప్యూటర్‌కి. ఇవి జంటగా, రెండు చివరలా ఒక్కోటి పెడితేనే పనిచేస్తాయి. ఒక్కటి కొని గదిలో తగిలించి, రౌటర్ దగ్గర ఏమీ పెట్టకుండా 'రెండు కంప్యూటర్లూ రావట్లేదు' అనుకోవడం తరచూ జరిగేదే. నిజానికి గదిలో రెండు కంప్యూటర్లే సమస్య అయితే స్ప్లిటర్ అసలు వద్దు, ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఒకటి పెడితే కేబుల్ గిగాబిట్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు ఎక్కువమందిని తికమక పెట్టే చిక్కు. రెండు జతలే కలిపి, రెండు చివరలా గిగాబిట్ పరికరాలు పెడితే ఏమవుతుంది? అవే తెలివిగా 100కి దిగుతాయని అనుకుంటాం. కొన్ని దిగుతాయి. కొన్ని మాత్రం దిగవు, కారణం ఏమిటంటే రెండు పరికరాలూ 'మనం ఏ వేగంలో మాట్లాడుకుందాం' అని తేల్చుకునే మొదటి సంకేతాలు 1, 2, 3, 6 పిన్నుల మీదే నడుస్తాయి. ఆ పిన్నులు చక్కగా ఉన్నాయి కాబట్టి ఇద్దరూ 'గిగాబిట్' అని ఒప్పుకుంటారు. ఒప్పుకుని నాలుగు జతల మీద మొదలుపెట్టబోతే రెండు జతలు లేవు. లింక్ తెగుతుంది, మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకుంటారు, మళ్లీ గిగాబిట్ అనే ఒప్పుకుంటారు. బయట నుంచి చూసేవాళ్లకి పోర్టు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, లేదా అసలు వెలగదు, కేబుల్ పాడైందేమో అనిపిస్తుంది. కొన్నిసార్లు ఓడిపోయాక తమంతట తామే వేగం తగ్గించుకునే చిప్‌లు ఉన్నాయి, వాటితో కొన్ని సెకన్లు ఆలస్యమై లింక్ వచ్చేస్తుంది. లేనివాటికి కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగ్‌లోకి వెళ్లి గిగాబిట్‌ని తీసేసి 100 మాత్రమే చూపించమని చెప్పాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకవైపు 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రెండు దిక్కులా) అని బలవంతంగా బిగించి, రెండోవైపు ఆటోలోనే వదిలేస్తే, ఆటోలో ఉన్నది అవతలివైపు నుంచి జవాబు రాక హాఫ్ డూప్లెక్స్‌లోకి (ఒకసారికి ఒకటే దిక్కు) పోతుంది. లింక్ ఉన్నట్టే ఉంటుంది, కానీ పెద్ద ఫైలు పంపితే నత్తనడక. సెట్టింగులు అందుబాటులో ఉన్న పరికరంలో బలవంతంగా బిగించే బదులు 'ఆటోలోనే ఉంటూ, గరిష్ఠం 100' అనే ఎంపిక ఉంటే అదే వాడాలి. ఇవేవీ లేకపోతే చౌకరకం 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి మధ్యలో పెట్టేస్తే గొడవ ఉండదు, దానికి గిగాబిట్ అనే మాటే తెలియదు.

ఫోను మోగితే ఇంటర్నెట్ ఆగిపోదా అనే భయం కూడా ఉంటుంది. మనిషి మాట ఫోను లైను మీద 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఈథర్నెట్ సిగ్నల్ బలమంతా మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. ఈ రెండూ ఒకదాని దారికి ఒకటి అడ్డురావు. దానికి తోడు ఈథర్నెట్ పోర్టు లోపల ప్రతి జతకీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, సిగ్నల్‌ని జతలోని రెండు తీగల మధ్య తేడాగా చదువుతుంది, కాబట్టి రెండు తీగల మీదా సమానంగా పడిన అలజడి రద్దయిపోతుంది. రింగు మొదలయ్యే, ఆగే క్షణాల్లోనూ, రిసీవర్ ఎత్తే క్షణంలోనూ వచ్చే కుదుపు వల్ల ఎప్పుడో ఒకటీ అరా ప్యాకెట్ (డేటా ముక్క) పాడవచ్చు. అది మళ్లీ పంపబడుతుంది, చూసేవాడికి తెలియదు. మెలిక సరిగ్గా ఉంచకుండా అంగుళాల కొద్దీ విప్పి కలిపిన చోట మాత్రం ఈ మాట చెల్లదు.

డీఎస్ఎల్, అంటే ఫోను తీగ మీదే ఇంటర్నెట్ కూడా వచ్చే లైను అయితే లెక్క మారుతుంది. దాని రకాల్లో ఏడీఎస్ఎల్ 1.1 మెగాహెర్ట్జ్ వరకు, ఏడీఎస్ఎల్2ప్లస్ 2.2 వరకు, వీడీఎస్ఎల్2 అయితే 17 లేదా 30 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. అంటే 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ తిరిగే చోటే ఇదీ తిరుగుతుంది. పైగా ఎక్కడో దూరాన ఉన్న ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చి నీరసించిన డీఎస్ఎల్ సిగ్నల్ పక్కన, రెండు గదుల అవతల నుంచి బలంగా వచ్చే ఈథర్నెట్ నడిస్తే నష్టపోయేది డీఎస్ఎల్లే. మోడెం స్పీడు పడిపోవడం, లైను తరచూ తెగి కలవడం కనిపిస్తుంది. దీనికి మందు తేలిక. లైను ఇంట్లోకి వచ్చే చోటే మాటనీ డీఎస్ఎల్‌నీ విడదీసే స్ప్లిటర్ ఫిల్టర్ పెట్టి, మోడెంని అక్కడే ఉంచి, ఫిల్టర్ దాటిన ఒట్టి మాటల లైనుని మాత్రమే పంచుకున్న కేబుల్‌లోకి పంపాలి. డీఎస్ఎల్ ఉన్న జతని ఈథర్నెట్‌తో ఒకే తొడుగులో నడపడం మాత్రం, పనిచేస్తున్నట్టు కనిపించినా, మంచిది కాదు.

నిజంగా నష్టం జరిగేది కేబుల్ లోపల కాదు, సాకెట్ దగ్గర. ఫోను లైను ఉన్న సాకెట్‌లో ఎవరో తెలియక ల్యాప్‌టాప్ తగిలిస్తారు. చాలా 10, 100 పోర్టుల్లో వాడని 4, 5 పిన్నులను లోపలే కలిపేసి ఒక రెసిస్టర్, కెపాసిటర్ ద్వారా నేలకి వదులుతారు. గిగాబిట్ పోర్టులో ఆ రెండు పిన్నుల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ట ఉంటుంది, డీసీకి అదీ షార్టు కిందే లెక్క. ఎటైనా ఎక్స్ఛేంజ్‌కి కనిపించేది ఒకటే, ఎవరో రిసీవర్ ఎత్తారని. ఇంటి ఫోనుకి చేసినవాళ్లందరికీ ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది, ఇంట్లో ఎవరూ ఫోను ముట్టుకోలేదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. 'కంప్యూటర్ తగిలిస్తే ఫోను పోతోంది' అనే ఫిర్యాదు విన్నప్పుడల్లా మొదట చూడాల్సింది ఇదే. పోర్టు కాలిపోతుందా అంటే, చాలాసార్లు బతుకుతుంది, కానీ హామీ లేదు. 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్ ప్రమాణంలోనే ఈ పొరపాటు గురించి రాసి ఉంది: ఫోను వోల్టేజీ తగిలినప్పుడు మనిషికి ప్రమాదం జరగకూడదు అని మాత్రమే కోరింది, పరికరం పాడవకూడదని కోరలేదు.

ఇంకో చిన్న అలవాటు గురించి కూడా చెప్పాలి. ఫోను ప్లగ్ ఆర్‌జే45 సాకెట్‌లో పడుతుంది కదా అని నేరుగా పెట్టేస్తుంటారు. విద్యుత్ పరంగా అది సరైన చోటికే వస్తుంది, కానీ ఆ ప్లగ్ అంచులు సాకెట్‌లోని 1, 8 తీగలను నొక్కి వంచేస్తాయి. రేపు అదే సాకెట్‌లో నెట్‌వర్క్ కేబుల్ పెడితే 1వ పిన్ను సరిగ్గా తగలదు. రెండు లైన్లున్న ఫోను వైరు అయితే మరీ ఘోరం, రెండో లైను పోయి 3, 6 మీద, అంటే ఈథర్నెట్ జత మీదే కూర్చుంటుంది. అందుకే రెండో ఫోను లైను కావాలంటే గోధుమ జత తీసుకుని దానికి విడి సాకెట్ పెట్టాలి. ప్రతి సాకెట్ మీద మార్కర్‌తో 'ఫోను', 'నెట్' అని రాయడానికి పట్టేది పది సెకన్లు, ఎందుకో అది ఎవరూ చేయరు.

కేబుల్ ద్వారానే కరెంటు పంపే పీఓఈ ఉన్న ఇళ్లలో ఇంకొంచెం చూసుకోవాలి. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఈ కరెంటుని రెండు రకాలుగా పంపొచ్చు: డేటా నడిచే జతల మీదే, లేదా 4, 5, 7, 8 మీద. పీఓఈ స్విచ్‌లు ఎక్కువగా మొదటి పద్ధతి వాడతాయి, కాబట్టి నీలం జత ఫోనుకి ఇచ్చినా కెమెరాకి కరెంటు అందుతుంది. విడిగా పెట్టే ఇంజెక్టర్లు చాలావరకు రెండో పద్ధతివి, వాటితో కెమెరా వెలగదు. 2018 నాటి ఎక్కువ శక్తి ప్రమాణానికైతే నాలుగు జతలూ కావాలి. ప్రమాణం పాటించే పీఓఈ, అవతల ఉన్నది కరెంటు తీసుకునే పరికరమా కాదా అని ముందు తడిమి చూసుకుని గానీ వోల్టేజీ వదలదు. 24 వోల్టుల 'పాసివ్' రకాలకి ఆ మర్యాద లేదు, ఎదురుగా ఏదుంటే దాని మీద వదిలేస్తాయి. పాసివ్ ఇంజెక్టర్ ఉన్న కేబుల్‌లో ఫోను పెట్టే ఆలోచనే వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది నెట్‌వర్క్ కేబుల్‌లో ఫోను పెట్టడం. పాత ఇళ్లలో ప్రశ్న తిరగబడుతుంది: ఉన్నది ఫోను వైరే, దాని మీద నెట్‌వర్క్ నడుస్తుందా? ముందు తొడుగు మీద అచ్చు చదవాలి. క్యాట్5 అనో క్యాట్5ఇ అనో ఉంటే అదృష్టం, ఫోను కోసమే వాడినా అది నెట్‌వర్క్ కేబులే, రెండు చివరలా సాకెట్లు మార్చి నాలుగు జతలూ కలిపితే గిగాబిట్ వస్తుంది. క్యాట్3 అయితే 16 మెగాహెర్ట్జ్ వరకే లెక్కించి చేసినది, 10 ఎంబీపీఎస్‌కి తగినది, తక్కువ దూరంలో 100 నడిచినా దాని మీద నమ్మకం పెట్టుకోలేం. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, పసుపు అని నాలుగే తీగలుండి, మెలిక అసలే లేకపోతే అది ఒట్టి ఫోను వైరు. దాని మీద ఈథర్నెట్ కోసం ఆదివారం పాడుచేసుకోవడం దండగ.

తీగ మంచిదైనా ఫోను వైరింగ్‌లో ఇంకో చిక్కు ఉంటుంది. ఫోను సాకెట్లు గది నుంచి గదికి దండలా గుచ్చినట్టు ఒకే కేబుల్ మీద వేలాడుతుంటాయి. ఫోనుకి దానితో ఇబ్బంది లేదు, ఏ సాకెట్‌లో పెట్టినా అదే లైను. ఈథర్నెట్‌కి మాత్రం ఒక కేబుల్‌కి రెండే చివరలు ఉండాలి, మధ్యలో కొమ్మలు పనికిరావు. అలాంటి ఇంట్లో ప్రతి మధ్య గదిలో లోపలికి వచ్చే తీగకీ బయటికి పోయే తీగకీ విడివిడిగా సాకెట్లు పెట్టి, మధ్యలో చిన్న స్విచ్ ఉంచాలి. ఆ గదిలో నెట్ అక్కర్లేకపోతే రెండు తీగలనూ కలిపే కప్లర్ పెట్టి ముందుకి పంపేయొచ్చు. అందరూ మరిచిపోయే ఇంకో సంగతి, పాత ఫోను మేస్త్రీలు జతలను పట్టించుకోకుండా రంగు కలిస్తే చాలన్నట్టు కలిపి ఉండొచ్చు. 3, 6 మీదకి రావాల్సిన రెండు తీగలు వేర్వేరు జతల్లోంచి వస్తే, చౌక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, అంతా బాగుందనిపిస్తుంది, నెట్ మాత్రం కుంటుతుంది. ఆ టెస్టర్ చూసేది తీగ ఇక్కడి నుంచి అక్కడికి చేరిందా అని మాత్రమే, ఏ తీగ ఎవరితో మెలిపడి ఉందో దానికి తెలియదు.

మెలిక లేని వైరు తప్ప గతి లేనివాళ్లకి జీ.హెచ్ఎన్ అనే రకం అడాప్టర్లున్నాయి. ఫోను వైరు, టీవీ కేబుల్, కరెంటు తీగ, మూడింటి మీదా నడిచేలా తయారైన ప్రమాణం ఇది. దీనికంటే ముందు ఇదే పని కోసం హోమ్‌పీఎన్ఏ వచ్చింది. ఇవి మాట నడిచే పౌనఃపున్యాలకి చాలా పైన నడుస్తాయి కాబట్టి అదే జత మీద ఫోను కూడా పనిచేస్తుంది. వీడీఎస్ఎల్ ఉన్న జతతో మాత్రం వీటికి పొసగదు.

ఇంతకీ ఈ పంపకాలన్నీ ఇప్పుడు అవసరమా అంటే, చాలా ఇళ్లలో అవసరం లేదు, దానికి కారణం ఫోనే మారిపోవడం. ఫైబర్ వచ్చిన ఇంట్లో ల్యాండ్‌లైన్ బయట నుంచి రాగి తీగ మీద రావడం లేదు, ఫైబర్ పెట్టెకి వెనక ఉన్న ఫోను పోర్టులోంచి పుడుతోంది. ఫోను మాట ఎలాగూ ప్యాకెట్లే అయినప్పుడు దానికి విడిగా ఒక జత కేటాయించడంలో అర్థం లేదు. ఒక కాల్‌కి, మాటని అంకెలుగా మార్చే మామూలు జీ.711 పద్ధతిలో, 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు), పైన హెడర్లన్నీ కలుపుకున్నా ఒక్కో దిక్కుకి 90 లోపే. గిగాబిట్ కేబుల్‌కి అది దుమ్ముతో సమానం. గదిలో ఐపీ ఫోను (నెట్‌వర్క్ మీదే మాట నడిపేది) పెడితే వాటిలో చాలావాటికి వెనక రెండు పోర్టులుంటాయి, గోడ నుంచి వచ్చే కేబుల్ ఒకదానిలో, కంప్యూటర్ ఇంకోదానిలో. లోపల చిన్న స్విచ్ ఉంటుంది. ఒకే కేబుల్ మీద రెండూ, తీగ విప్పకుండా. కొనేముందు ఆ రెండో పోర్టు గిగాబిట్‌దో 100దో చూసుకోవాలి, చౌక ఫోన్లలో 100దే ఉంటుంది, అప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. పాత ఫోనే కావాలంటే ఏటీఏ అనే చిన్న అడాప్టర్ దాన్ని నెట్‌వర్క్‌కి కలుపుతుంది. ఇంట్లో ఎక్కడైనా మాట్లాడటమే కావాలంటే కార్డ్‌లెస్ ఫోను బేస్ ఒకటి రౌటర్ పక్కన పెట్టి, మిగతా గదుల్లో చార్జింగ్ స్టాండ్లు పెట్టేస్తే ఏ గోడలో ఏ తీగ ఉందన్న ప్రశ్నే రాదు.

పాత పద్ధతికి ఉన్న ఒక లాభాన్ని మాత్రం కొట్టిపారేయలేం. రాగి తీగ ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ప్యాకెట్ల ఫోనుకి రౌటరూ, ఫైబర్ పెట్టే, మధ్యలో ఉన్న స్విచ్ అన్నీ బతికుండాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఫోను మీదే ఆధారపడితే ఈ మూడింటికీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టడం తప్పనిసరి ఖర్చు కింద లెక్కేసుకోవాలి.

ఫైబర్ పెట్టె ఫోను పోర్టుని గోడలో ఉన్న పాత ఫోను వైరింగ్‌కి కలిపి అన్ని గదుల్లోనూ ఫోను మోగించాలనే ఆలోచన కూడా మంచిదే, పాత సాకెట్లు అలాగే పనికొస్తాయి. దానికి ముందు ఒక్క పని తప్పక చేయాలి: బయట నుంచి ఇంట్లోకి వచ్చే పాత ఫోను లైనుని భౌతికంగా ఊడదీయాలి. కనెక్షన్ రద్దయిందని కంపెనీ చెప్పినా ఆ జత మీద 48 వోల్టులు ఇంకా ఉండే అవకాశముంది. ఒకే జత మీద అటు నుంచి ఎక్స్ఛేంజ్, ఇటు నుంచి ఫైబర్ పెట్టె తోస్తే దెబ్బతినేది పెట్టే. పిడుగులు పడే కాలంలో ఎక్కడికీ వెళ్లని ఆ బయటి తీగ ఇంట్లోకి సర్జ్‌ని మోసుకొచ్చే దారి కూడా.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకి ఈ బాధలేవీ అక్కర్లేదు. ప్రతి గది నుంచీ రెండేసి క్యాట్6 కేబుళ్లు ఒకే చోటికి తెచ్చి, ప్యాచ్ ప్యానెల్‌లో (కేబుళ్లన్నీ వచ్చి చేరే సాకెట్ల వరస) ఎనిమిది తీగలూ పూర్తిగా కలిపి ఉంచితే చాలు. ఫోనుకని విడిగా తీగ అక్కర్లేదు. గది సాకెట్ ఆర్‌జే45దే, ప్యానెల్ దగ్గర దానికి ఎదురుగా ఉన్న రంధ్రంలోకి ఫోను లైను ఇస్తే అది ఫోను సాకెట్, స్విచ్ పోర్టు ఇస్తే నెట్ సాకెట్. ఫోను వైపు ప్యాచ్ వైరుకి ఒక చివర ఆర్‌జే45, ఇంకో చివర ఫోను ప్లగ్ ఉన్నది వాడితే సాకెట్ పిన్నులు వంగవు. ఆ వైరుకి మిగతావాటికి లేని రంగు ఒకటి, ఎరుపో పసుపో, ఎంచుకుంటే ప్యానెల్ తలుపు తీయగానే ఏది ఫోనో కనిపిస్తుంది.